ట్లింగిట్ చెక్కడం నేర్చుకుందాం, 3వ భాగం: హాలిబట్ గాలం

పోయినసారి ఓవాయిడ్ (మూలలు గుండ్రంగా తిరిగిన దీర్ఘచతురస్రం లాంటిది), ఇంగ్లీషు U ఆకారాలు కాగితం మీద వేశాం, ఇవాళ చెక్క మీదకి వద్దాం. ఆగ్నేయ అలాస్కా తీరంలో ట్లింగిట్ అనే ఆదివాసులు చెంచా, గిన్నె, పెట్టె అన్నిటి మీదా చెక్కుతారు గానీ నేను హాలిబట్ అనే పెద్ద బల్లపరుపు చేపని పట్టే గాలమే ఎంచుకున్నా, ఎందుకంటే ఇందులో బొమ్మ కోసం పని చెడితే చేప పడదు, అంతే.

ముందు పనితీరు. అడుగు అటూ ఇటూ పొడవుండే రెండు కర్రల్ని ఒక చివర V లా కలిపి స్ప్రూస్ చెట్టు వేరుతో బిగించి కడతారు. ఒకటి ఎల్లో సెడార్ లాంటి తేలిక చెక్క, రెండోది ఆల్డర్ లాంటి బరువు చెక్క. రాయి కట్టి వదిలితే రాయి అడుక్కి పోతుంది, గాలం దాని పైన తేలుతుంది. సాధారణంగా ముల్లున్న తేలిక కర్ర పైకి, బొమ్మ చెక్కిన బరువు కర్ర కిందకి వస్తాయి, అంటే ఆ బొమ్మ మనకి కాదు, నేలని అంటుకుని పడుకునే చేప వైపు చూస్తుంది! ముల్లు పాతరోజుల్లో ఎముక, తర్వాత ఇనుము. ఎర ఆక్టోపస్ ముక్క. హాలిబట్ ఎరని లోపలికి పీల్చుకుని, తేడా తెలిసి ఉమ్మేయబోతుంది, అప్పుడే ముల్లు బుగ్గలో దిగుతుంది. ముల్లుకీ ఎదుటి కర్రకీ మధ్య సందు ఎంతో దాన్నిబట్టే చేప సైజు, మరీ చిన్నదాని నోట్లో గాలం పట్టదు, మరీ పెద్దదాని దవడ ఆ సందులో దూరదు, బాగా పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడవే కాబట్టి అవి మిగిలిపోతాయి. నాకైతే చెక్కడం కన్నా ఈ లెక్కే గొప్పగా అనిపిస్తుంది.

ఇక చెయ్యండి. ప్రాక్టీస్‌కి కొండపల్లి బొమ్మల పొణికి కర్ర దొరికితే హాయి, మెత్తగా తెగుతుంది. బాడిసతో రూపం తెచ్చి, కట్టు వచ్చే చివర గుర్తు పెట్టి అక్కడ బొమ్మ జోలికి పోకండి, లాగుడంతా ఆ చోటు మీదే పడుతుంది. మిగతా చోట ముందు కన్ను, అంటే ఓవాయిడ్, తర్వాతే నోరు. వంపు కత్తిని గ్రెయిన్ (చెక్కలోని నార గీతలు) వెంట లాగండి, చెక్క చీలుతుందనిపిస్తే వెంటనే ఎదురువైపు నుంచి రండి. లోతు ఎక్కువొద్దు, కర్ర బలం తగ్గుతుంది.

ఇంకోటి, మ్యూజియం ఫోటోల్లో కాకి, తోడేలు లాంటి వంశ చిహ్నాలు కనిపిస్తాయి, అవి ఆయా వంశాల సొత్తు, కాపీ కొట్టకండి, మీ సొంత చేపో ఆక్టోపస్సో గీసుకోండి.

వచ్చే భాగంలో కొండమేక కొమ్ము చెంచా, కొమ్ముని వేడినీళ్ళలో మెత్తబరిచి వంచడం.