జూలో ఐదు చోట్లే ఆగండి

మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని హైదరాబాద్ నెహ్రూ జూపార్కుకు తీసుకెళ్తుంటాను. మొదటిసారి అన్నీ చూపించాలని తాపత్రయపడ్డాను. 380 ఎకరాల జూలో పరుగులు పెట్టించాను. బస్సెక్కాక ఏం చూశారని అడిగితే "పులి" అన్నారు, అంతే. ఇప్పుడు ఐదు చోట్లే ఆగుతాం.

సోమవారం జూకి సెలవు. గేటు తెరిచే వేళకే చేరుకోండి, ఎండ ముదిరితే జంతువులు నీడలో పడుకుంటాయి. పదిమంది పిల్లలకు ఒక పెద్దవాళ్లుండాలి.

"అనుకూలనం" (బతికే తీరుకు తగ్గట్టు ఒళ్లు అమరి ఉండటం) అనే మాట ముందే చెప్పకండి. ప్రతిచోటా ఒకటే అడగండి: "దీని ఒంట్లో నీకు లేనిదేముంది? అది దేనికి పనికొస్తుంది?"

జిరాఫీ దగ్గరికి 45 సెంటీమీటర్ల తాడు తీసుకెళ్లండి. దాని నాలుక దాదాపు అంత ఉంటుంది. పిల్లలు తమ మూరతో కొలుచుకుని, చెయ్యి చాలక నోరెళ్లబెడతారు. తుమ్మచెట్టు ముళ్ల మధ్య నుంచి ఆకు తెంపాలంటే ఏం కావాలో అప్పుడు అడగండి, వాళ్లే చెప్తారు. మెడలో ఎముకలు మాత్రం మనలాగే ఏడే. ఇక్కడ ఎవరో ఒకరు "సాగదీసి సాగదీసి మెడ పొడుగైంది టీచర్" అంటారు. వదిలేయకండి. కాస్త పొడుగు మెడతో పుట్టినవాటికి తిండి ఎక్కువ దొరికింది, అవి బతికి పిల్లల్ని కన్నాయి, తరతరాలుగా అలా జరిగిందని నెమ్మదిగా చెప్పండి.

తర్వాత నీటిగుర్రం. కళ్లు, చెవులు, ముక్కు ఎక్కడున్నాయో గీయమనండి. అన్నీ తలపైనే, ఒకే వరుసలో. నీళ్లలో మునిగే ఉండి చూడొచ్చు, వినొచ్చు, ఊపిరి పీల్చొచ్చు. అక్కణ్నుంచి నేరుగా మొసళ్ల దగ్గరికి నడిపించి, మీరేమీ మాట్లాడకండి. ఒకసారి ఓ పాప నా కొంగు లాగి "టీచర్, దీనికీ అట్లనే ఉంది!" అంది. దగ్గరి చుట్టరికం లేని రెండు జంతువులకు ఒకే అవసరం ఒకే ఏర్పాటు తెచ్చిందని ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

ఏనుగు చెవులు విసనకర్రల్లా ఆడటం ఎండవేళ చూపిస్తేనే అర్థమవుతుంది, భోజనాల ముందు పెట్టుకోండి.

చివరిది నిశాచర జంతువుల శాల. పగలు చీకటిగా ఉంచుతారు కాబట్టి అవి మేలుకుని తిరుగుతుంటాయి. లోపలికెళ్లగానే చేతులు పట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే, దేవాంగపిల్లి పెద్ద కళ్లు ఎందుకో తెలుస్తుంది.

మర్నాడు బళ్లో ఒక కొత్త జంతువు గీయించండి: మన చెరువులో ఉండాలి, తుమ్మాకు తినాలి, రాత్రే తిరగాలి. గీసిన ప్రతి భాగానికీ "ఇది ఎందుకు?" అని అడిగి, వాళ్లు చెప్పింది పక్కనే రాయించండి. అనుకూలనం అనే మాట బోర్డు మీద అప్పుడు రాయండి.