బెంగళూరులో అద్దె ఇంటికి అడ్వాన్స్ కట్టే ముందు జాగ్రత్తలు

మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో మనవాళ్లు ఎక్కువ కదా అని వెంటనే అడ్వాన్స్ కట్టేయకండి. ముందు ఇవి చూసుకోండి.

- నేరాల లెక్కలు చూసి హడలిపోవద్దు. దేశంలో నేరాల లెక్కలు తీసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇచ్చే లెక్క ఊరు మొత్తానిది, మీ వీధిది కాదు. పైగా లక్ష మందికి ఇన్ని నేరాలని తేల్చడానికి మహానగరాలకు 2011 జనాభానే తీసుకుంటూ వచ్చారు. అప్పటి బెంగళూరు జనం సుమారు 85 లక్షలు. ఆ తర్వాత ఎంతమంది దిగారో సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ కనిపిస్తూనే ఉంది. అందుకే ఆ రేటు అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

- ఇల్లు పగలొకసారి, రాత్రి పది దాటాక ఒకసారి చూడండి. అసలు పరీక్ష ఇదే. బ్రోకర్ బండెక్కకుండా బస్టాప్ నుంచి నడిచి వెళ్లండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా? ఖాళీ సైటు పక్కనుంచి నడవాలా? ఆ వేళకి మెడికల్ షాపైనా తెరిచి ఉందా? ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

- పక్క బేకరీలో టీ తాగుతూ, ఇక్కడ బండ్ల దొంగతనాలు జరుగుతుంటాయా అని అడగండి. ఓనరు చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి. కన్నడం రాకపోయినా తెలుగుతో చాలాచోట్ల పని జరిగిపోతుంది.

- పాత తాళం మార్పించండి. డూప్లికేట్ ఎవరి దగ్గరుందో ఎవరికి తెలుసు! బాత్రూమ్ కిటికీకి గ్రిల్ ఉందో లేదో చూడండి.

- ఇల్లు చూపించకుండా టోకెన్ పంపమంటే పంపొద్దు. ఆర్మీ ఆఫీసర్‌నని కార్డు చూపించినా సరే. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మిగతా ఏ ఆపదకైనా 112.