సొంత డిజైన్ టీషర్ట్‌లు ఆర్డర్ ఇవ్వడం – 4వ పాఠం: గుడ్డ మీద తెలుగు విరిగిపోకుండా

పోయిన పాఠంలో లోగో వెక్టర్ ఫైల్‌గా, అంటే చుక్కల ఫొటోలా కాకుండా గీతలతో గీసిన ఫైల్‌గా, ఇవ్వమన్నాను కదా, ఆ తర్వాత మీరు పంపినవి చూశాక ఇవాళ మొదలెట్టాల్సిన ఎంబ్రాయిడరీ కాస్త వెనక్కి జరిగింది, ముందు ఆ సంగతి తేల్చాలి. చాలామంది వాట్సాప్‌లో వచ్చిన జేపీజీనే పీడీఎఫ్‌గా సేవ్ చేసి వెక్టర్ ఇచ్చేశామండీ అన్నారు. ఫొటోని పీడీఎఫ్‌లో పెట్టినా లోపలున్నది ఫొటోనే. ఫైల్ తెరిచి 800 శాతం జూమ్ చేయండి, అంచులు గళ్లుగళ్లుగా మెట్లలా కనిపిస్తే ఫొటో, ఎంత పెంచినా గీత నున్నగా ఉంటే వెక్టర్. ఇంతకంటే పెద్ద పరీక్ష ఏమీ లేదు.

అసలు గొడవ రెండోది. బెంగళూరు మారతహళ్లిలో ఉండే ఒకరు సంక్రాంతికి అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ టీషర్ట్‌లు చేయించారు, వీపు మీద ఏం రాయాలో వాట్సాప్‌లో టైప్ చేసి షాపుకి పంపారు, అక్కడి డిజైనర్ దాన్ని కాపీ చేసి కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేశాడు. బట్టలు వచ్చేసరికి వీపు మీద "సంక్‌రాంతి" అని ఉంది. పొల్లు విడిగా, ర విడిగా. స్క్రీన్ ప్రింట్ కాబట్టి ఒక్కటి కూడా తిరిగి బాగుపడదు.

ఇది ఎందుకు జరుగుతుందో ఒకసారి బుర్రలోకి ఎక్కితే ఇక జన్మలో తప్పు చేయరు, అందుకే కాస్త విడమరచి చెప్తున్నా. ఫోన్‌లో మనం టైప్ చేసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లకీ కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉండే అక్షరాల కోడ్. అందులో "క్రా" అంటే క, పొల్లు, ర, దీర్ఘం అని వరసగా నాలుగు ముక్కలు. వాటిని కలిపి వత్తు కింద పెట్టి, దీర్ఘం పైకెక్కించి, ఒక్క అక్షరంగా చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. పాత వెర్షన్ కోరెల్‌డ్రాలకి ఆ పని సరిగా రాదు. పాత వెర్షన్ ఫొటోషాప్‌లలో కూడా టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఆన్ చేయకపోతే ఇదే తంతు. ఇది కాక ఇంకో రకం ఉంది, మన ఊళ్లలో ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు చేసేవాళ్లు వాడే అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు, లోపల ఇంగ్లీష్ అక్షరాలే ఉంటాయి, ఫాంట్ మాత్రం తెలుగు బొమ్మ చూపిస్తుంది. విజయవాడలో చేయించిన ఫైల్ బెంగళూరులో తెరిస్తే, ఇక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే, పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు కనిపిస్తాయి.

ఇక బెంగళూరుకి సంబంధించిన చిక్కు. కన్నడ లిపి మన లిపికి బాగా దగ్గర, అందుకని డిజైనర్ కూడా ధైర్యంగా "గొత్తు సర్, గొత్తు" (తెలుసు సర్, తెలుసు) అంటాడు. నిజమే, చాలావరకు చదవగలడు కూడా. కానీ వత్తు విడిపోయినా, తలకట్టు కాస్త పక్కకి జరిగినా అతని కంటికి అది తెలుగు రాసే తీరేమో అనిపిస్తుంది, ఆపి అడగడు. అదే తమిళమో హిందీయో తెలిసినవాడైతే మొత్తం చదవడం రాదు కాబట్టి "ఒకసారి చూసుకోండి" అని మళ్లీ మనకే పంపుతాడు. నాకైతే ఆ రెండోవాడి దగ్గరే పని నిశ్చింతగా ఉంటుంది.

కాబట్టి షాపువాళ్ల చేత తెలుగు టైప్ చేయించొద్దు. ఎప్పటికీ. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంట్లో తెలుగు అక్షరాలు సరిగానే కలుస్తాయి. టైప్ చేసి, సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి, అంతే, అక్షరాలు ఇక అక్షరాలు కావు, గీతలు. షాపులో ఏ ఫాంట్ ఉన్నా లేకపోయినా అవి మారవు. దీన్నే షాపుల్లో "కర్వ్స్ చేసి ఇవ్వండి" అంటారు, కోరెల్‌లో కంట్రోల్ క్యూ. పీడీఎఫ్‌గా సేవ్ చేసి, మెయిల్‌లో పంపండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా వద్దు. కర్వ్స్ చేయకముందు ఉన్న ఫైల్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, తర్వాత స్పెల్లింగ్ మార్చాలంటే కావాలి.

సైజుల లిస్టు, అడ్వాన్సు, డెలివరీ తేదీ ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఇప్పుడు ఎంబ్రాయిడరీ. ఇందులో వెక్టర్ ఇస్తే పని అయిపోదు, దాన్ని కుట్ల ఫైల్‌గా మార్చాలి, దాన్ని పంచింగ్ అంటారు. ఏ గీత ఎటువైపు కుట్టాలి, ఎంత దట్టంగా కుట్టాలి అన్నది ఒక మనిషి కూర్చుని నిర్ణయిస్తాడు. పంచింగ్ చార్జి డిజైన్‌కి ఒక్కసారే, తర్వాత రేటు కుట్ల లెక్క మీద. అందుకే డబ్బులిచ్చాక ఆ కుట్ల ఫైల్ (డీఎస్‌టీ ఫైల్ అంటారు) అడిగి తీసుకోండి, వచ్చే ఏడు వేరే షాపుకి వెళ్లినా, సైజు మారనంతవరకు మళ్లీ పంచింగ్ అక్కర్లేదు.

తెలుగుకి ఇక్కడ ఉన్న కష్టం ప్రింట్‌లో లేదు. దారానికి మందం ఉంటుంది, పైగా కుట్టు గుడ్డని లోపలికి లాగుతుంది. కాలర్ టీషర్ట్ మ్యాటీ గుడ్డ సాగే రకం కాబట్టి ఇంకా లాగుతుంది. ఇంగ్లీష్ పెద్దక్షరాలు 5 మిల్లీమీటర్ల ఎత్తులో కూడా చదవగలం. అదే ఎత్తులో "రథోత్సవం" కుట్టించి చూడండి. థ లోపలి చుక్క దారంలో కలిసిపోయి ధ అయిపోతుంది, త్స కింద వత్తు ఒక ముడిలా మిగులుతుంది. ప ఉన్న మాట అయితే ఇంకా ప్రమాదం, ప పైన ఉండే సందు మూసుకుపోయి వ లాగా కనిపిస్తుంది, "సేవాపతకం" కాస్తా "సేవావతకం" అవుతుంది. నేనైతే వత్తులు, గుడులు వదిలేసి అసలు అక్షరం ఒక్కటే 10 మిల్లీమీటర్లు ఉండాలంటాను. ఎడమ ఛాతీ మీద లోగోకి వెడల్పు మూడు, మూడున్నర అంగుళాలే, అందులో ఒక మాట పడుతుంది, మహా అయితే రెండు. సంఘం పేరు, ఊరు, స్థాపించిన సంవత్సరం, నినాదం అన్నీ అక్కడే కావాలంటే కుదరదు. పొడుగు మాటలు వీపు మీద స్క్రీన్ ప్రింట్‌కి పంపేయండి.

ఫాంట్ విషయంలో మరీ లావుగా ఉండే రామభద్ర లాంటివి ప్రింట్‌కి అందంగా ఉంటాయి కానీ కుట్టుకి లోపలి సందులు మూసేస్తాయి. మరీ సన్నవి తెగిపోయినట్టు వస్తాయి. నేను మండలి గానీ నోటో సాన్స్ తెలుగు మీడియం గానీ వాడతాను, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచుతాను.

కుట్టు నమూనా చూడకుండా మొత్తం ఆర్డర్‌కి ఓకే చెప్పొద్దు. నమూనా వేరే ఏదో ముక్క మీద కాకుండా మీరు కొనే అదే గుడ్డ మీద కుట్టాలి, అదే బ్యాకింగ్ (కుట్టు వెనక ఊతంగా పెట్టే పొర) పెట్టి. ఫొటో పంపితే సరిపోదు, వెళ్లి చేత్తో పట్టుకోండి, రెండు చేతులతో కాస్త సాగదీసి వదలండి, అక్షరాల చుట్టూ గుడ్డ ముడతలు పడి ఉండిపోతే కుట్టు దట్టం ఎక్కువైంది లేదా బ్యాకింగ్ చాలలేదు. తర్వాత దాన్ని తెలుగు చదవడం వచ్చి, ఆ మాట ముందే తెలియని మనిషికి నాలుగడుగుల దూరం నుంచి చూపించి చదవమనండి. అమ్మకో మామయ్యకో చూపిస్తే చాలు. మీకు మాట తెలుసు కాబట్టి మీ కళ్లు తప్పుని దాటేస్తాయి.

ఈసారి అభ్యాసం కాస్త ఎక్కువే, కానీ దాటేయకండి. "రథోత్సవం", "మిత్రమండలి", "స్ఫూర్తి" ఈ మూడు మాటలు ఇంక్‌స్కేప్‌లో మూడు వేర్వేరు ఫాంట్లలో టైప్ చేసి, అసలు అక్షరం ఎత్తు 6, 8, 10 మిల్లీమీటర్లుగా పెట్టి, కర్వ్స్ చేసి, నూటికి నూరు శాతం సైజులో ప్రింట్ తీయండి. ఫిట్ టు పేజ్ టిక్ తీసేయండి, స్కేలు పెట్టి కొలిచి చూసుకోండి. ఆ కాగితం మీద ఒక మిల్లీమీటరు మందం స్కెచ్ పెన్‌తో ప్రతి గీతనీ దిద్దండి, దారం చేసే పని దాదాపు అదే. ఎక్కడ సందు మూసుకుపోయిందో అక్కడ సున్నా చుట్టి, మూడు మాటల్లో ఏది ఏ సైజుకి చదవడానికి వీలుగా ఉందో పక్కన రాసి, ఆ కాగితం ఫొటో పంపండి. "స్ఫూర్తి" ఒక్కటి మాత్రం 10లో కూడా కష్టంగానే వస్తుంది, దానికి ఎంత ఎత్తు కావాలో మీరే తేల్చి రాయండి.