నలుపు మీద బంగారం: థాయ్ ‘లాయ్ రొత్ నామ్’ నగిషీ ఎలా చేయాలి?

థాయ్‌లాండ్ ఆలయాల్లో ధర్మగ్రంథాలు దాచే పాత చెక్క బీరువాలు ఉంటాయి. నల్లటి లక్క పూతతో నిగనిగలాడే తలుపుల మీద బంగారు తీగలు, మంటల్లా పైకి లేచే ‘క్రనోక్’ ఆకులు, వాటి మధ్య పక్షులు, కోతులు, దేవతలు. ఈ పనిని లాయ్ రొత్ నామ్ అంటారు, అంటే నీళ్లు పోసి తేల్చిన నగిషీ.

చూసినవారు దీన్ని బంగారు రంగుతో గీశారనుకుంటారు. నిజానికి బంగారం ఉండకూడని చోట్లన్నిటినీ ముందుగా పసుపు సిరాతో కప్పేస్తారు. తర్వాత పలకంతా బంగారు రేకు అంటించి నీళ్లతో కడుగుతారు. సిరా కరిగి, తన మీదున్న బంగారాన్ని వెంట తీసుకుపోతుంది. మిగిలినదే బొమ్మ. వద్దనుకున్నదాన్ని గీయడం చేతికి అలవాటు కావాలి. ఈ కళలో అన్నిటికన్నా కష్టమైన సంగతి అదేనని నా అభిప్రాయం.

ఏ లక్క?

ఇది ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క కాదు. అది పురుగు నుంచి వస్తుంది. థాయ్ వారిది ‘రక్’ అనే చెట్టు కాండానికి గాటు పెట్టి తీసే పాలు. ఆ చెట్టు మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానికి చెందినది. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుందని మన పల్లెల్లో అందరికీ తెలుసు. పచ్చి రక్ కూడా అంతే, కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. మొదటిసారి చేసేవారు దాని బదులు నల్ల ఎనామిల్ రంగు, నెమ్మదిగా ఆరే నూనె వార్నిష్ తెచ్చుకోండి. పద్ధతి అదే.

పలక

అరచేతి వెడల్పున్న చెక్క పలక చాలు. సంప్రదాయ పనివారు రక్ పాలలో ఎండుటాకులు కాల్చిన బూడిద కలిపి ‘సముక్’ అనే పూత తయారుచేసి, చెక్కలోని రంధ్రాలు, పగుళ్లు పూడుస్తారు. మీరు చెక్కపనికి వాడే పుట్టీ పెట్టండి. ఆరాక నీటి ఎమెరీ కాగితంతో రుద్దండి. తర్వాత నలుపు పలుచగా కనీసం మూడు పూతలు వేయాలి. ప్రతి పూతా పూర్తిగా గట్టిపడ్డాకే రుద్ది, తర్వాతిది వేయాలి. అసలు రక్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది ఎండకు ఆరదు, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది. వానాకాలమే దానికి అనువైన కాలం.

నమూనా

కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో దగ్గర దగ్గరగా పొడవండి. నల్లటి పలక మీద ఆ కాగితం పరిచి, పలుచని గుడ్డలో మూటకట్టిన సుద్దపొడితో తట్టితే తెల్లని చుక్కలు దిగుతాయి. మగ్గం వర్క్ చేసేవారు జాకెట్టు మీద డిజైను దించేదీ ఇలాగే. అంతకు ముందే పలకను సుద్దపొడితో రుద్ది తుడవడం మరిచిపోవద్దు. జిడ్డు ఉంటే సిరా నిలవక ముత్యాలుగా విడిపోతుంది.

పసుపు సిరా

పాత పద్ధతిలో హరితాళమనే పసుపు ఖనిజాన్ని మెత్తగా నూరి, శీకాయ నానబెట్టిన నీటితో కడిగి, వెలగ బంకతో కలుపుతారు. మూడూ మనకు తెలిసినవే. అయితే హరితాళంలో ఆర్సెనిక్ ఉంటుంది, ఇంట్లో దాని జోలికి పోవద్దు. మెత్తటి పసుపు మట్టిరంగు పొడిలో తుమ్మ బంక నీళ్లు కలుపుకోండి.

బంక పాళ్లు కుదరడంలోనే అంతా ఉంది. పక్కన చిన్న చెక్క మీద ఒక గీత గీసి ఆరనివ్వండి. పొడి వేలితో రాస్తే రాలకూడదు, తడి వేలు తగలగానే కరగాలి. పొడిగా ఉన్నప్పుడే రాలితే బంక తక్కువ. తడిపినా కదలకపోతే బంక ఎక్కువ.

పొడవైన సన్నని కుంచెతో బొమ్మ చుట్టూ ఉన్న నేలంతా నింపండి. ఆకుల ఈనెలు, కళ్లు, వస్త్రాల మడతలు కూడా సిరాతోనే గీయాలి, ఎందుకంటే అవి నల్లగా మిగలాలి. చేతి చెమట అంటకుండా మణికట్టును ఒక కర్ర మీద ఆనించండి.

బంగారం

సిరా పూర్తిగా ఆరాక దూదితో వార్నిష్‌ను (సంప్రదాయంలో కాచి చిక్కబరిచిన రక్‌ను) పలకంతా, సిరా మీద కూడా, పలుచగా రాయండి. వెంటనే మెత్తని గుడ్డతో తుడిచేయండి. దాదాపు ఏమీ మిగల్లేదనిపించేదాకా తుడవాలి. ఇక్కడ తొందరపడితే పనంతా పాడవుతుంది. పూత మందమైతే సిరాకు మూతపడి నీళ్లు లోపలికి దిగవు, మరీ పలుచనైతే బంగారం నిలవదు. వేలి వెనుక భాగం ఆనిస్తే కొద్దిగా పట్టి, మచ్చ పడకుండా విడిచిపెట్టాలి. అదే అదను.

ఫ్యాను ఆపేసి, రేకులను ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా పరుస్తూ దూదితో ఒత్తండి. నకిలీ రేకు చవకే కానీ కొన్నాళ్లకు నల్లబడుతుంది. అసలు బంగారం అలా కాదు. చిన్న పలకకు అసలుదే కొనండి.

కడగడం

ఒక రాత్రి వదిలేసి, మరునాడు తడి దూదిని పలకంతా పరిచి కాసేపు నాననివ్వండి. తర్వాత కొత్త తడి దూదితో, బరువు వేయకుండా, గుండ్రంగా రుద్దండి. పసుపు నీళ్లు బంగారు తునకలతో కలిసి వస్తాయి. ఎక్కడైనా సిరా మొండికేస్తే గోటితో గీకవద్దు, మళ్లీ నానబెట్టండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, నీడన ఆరబెట్టండి.

బ్యాంకాక్ వెళ్లే వీలుంటే సువాన్ పక్కాద్ ప్యాలెస్‌లోని లక్క మందిరం చూడండి. అది థాయ్‌ల పాత రాజ్యమైన అయుత్తయ కాలం నాటిది. 1959లో చుంభోత్ రాకుమారుడు దాన్ని అక్కడికి తరలించి భార్యకు కానుకగా ఇచ్చాడు. లోపలి గోడల పైభాగంలో బుద్ధుని జీవితం, కింద థాయ్ రామాయణమైన రామకియెన్. అక్కడ బొమ్మల కన్నా ముందు ఆకుల మధ్య వదిలిన నల్లని ఖాళీలు గమనించండి. కుంచె నిజంగా తిరిగింది ఆ ఖాళీల్లోనే.