రైల్వే రేడియో ప్రమాణాలను ఎలా చదవాలి: కాజీపేట వాకీటాకీ నుంచి ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ దాకా

వరంగల్‌లో ఈసీఈ చదివే పిల్లలు, రైల్వే సిగ్నల్, టెలికాం ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వీహెచ్‌ఎఫ్ (గార్డు వాకీటాకీ), జీఎస్‌ఎం-ఆర్ (రైల్వే సెల్‌ఫోన్), ఎల్‌టీఈ-ఆర్ (రైల్వేకి వాడే 4జీ), ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్ (5జీ మీద వచ్చే రైల్వే రేడియో), వీటి మధ్యలో కవచ్ (బండ్లు గుద్దుకోకుండా ఆపే వ్యవస్థ), ఇవన్నీ ఏ వరసలో చదవాలి, ఎలా గుర్తుపెట్టుకోవాలి అని. దయచేసి పట్టిక గీసి బట్టీ పట్టకండి. నేను అట్లనే పట్టాను. ఫ్రీక్వెన్సీలన్నీ నోటికొచ్చాయి, కానీ ఒక ఇంటర్వ్యూలో "రేడియో లింకు పోతే బండి ఏం చేస్తది?" అని ఒక పెద్దాయన అడిగేసరికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఏ ప్రమాణం చదివినా ముందు ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను, మీరూ అదే చేయండి.

దానికి ఒక దృశ్యం పెట్టుకోండి. 12723 తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేట దాటి బల్లార్షా వైపు పోతోంది, జమ్మికుంట దాటాక రేడియో పోయింది. ఒక్కో తరంలో ఆ బండికి ఏమవుతుందో నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాల్లో రాయండి. రాయలేకపోతే ఆ తరం మీకు ఇంకా అర్థం కానట్టే, వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి.

పుస్తకం తెరవకముందు ఒక ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని కాజీపేట జంక్షన్‌కి వెళ్లండి. హైదరాబాద్, విజయవాడ, బల్లార్షా వైపు లైన్లు మూడూ అక్కడ కలుస్తాయి కాబట్టి చూడటానికి అంతకంటే మంచి చోటు మన దగ్గర లేదు. గూడ్స్ ఆగినప్పుడు గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) చేతిలో వాకీటాకీ సెట్టు చూడండి, తోలు తొడుగులో ఉండి, పైన పొట్టి రబ్బరు యాంటెన్నా ఉంటుంది. అది 5 వాట్లది, స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఉండేది 25 వాట్లది. ఇవి 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేస్తాయి, అంటే తరంగం పొడవు 2 మీటర్లు. దాంట్లో నాలుగో వంతు అర మీటరు కదా, మరి యాంటెన్నా అంత పొట్టిగా ఎందుకుంది? లోపల తీగను స్ప్రింగులా చుట్టి ఉంటుంది. ఇలాంటివి చూసి ప్రశ్న వేసుకుంటే పాఠం దానంతటదే ఎక్కుతుంది. ఒక్క మాట, ఆ మాటలు వినడానికి స్కానర్ కొనాలని మాత్రం అనుకోవద్దు. లైసెన్స్ లేకుండా అది చట్టం ఒప్పుకోదు, పైగా అది మనుషుల ప్రాణాలతో ముడిపడిన చానల్.

మా మేనమామ ఈ లైన్లోనే బొగ్గు గూడ్స్ నడిపి రిటైరయ్యాడు. సెట్టు గురించి అడిగితే ఆయన చెప్పింది ఇప్పటికీ నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది: "అరేయ్, బండి సెట్టు చూసి నడువదురా, సిగ్నల్ చూసి నడుస్తది. సెట్టు మాట్లాడుకునేతందుకే. ఇద్దరు ఒక్కపారే బటన్ ఒత్తిన్రనుకో, ఇద్దరి మాటా పోతది." మొదటి తరం మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది. జమ్మికుంట దాటాక వీహెచ్‌ఎఫ్ పోయినా సిగ్నళ్లను బట్టి బండి అట్లనే పోతుంది. మరి బాధేంటంటే, ఆ చానల్‌లో పిలుపుకి చిరునామా ఉండదు, రేంజిలో ఉన్నవాళ్లందరికీ వినబడుతుంది. యార్డులో నాలుగు బండ్లుంటే ఎవరు ఎవరితో అంటున్నారో తేలాలంటే ముందు బండి నంబరు చెప్పాలి, అవతలివాళ్లు విన్నది తిరిగి చెప్పాలి.

ఈ ఇబ్బంది మనసులో పెట్టుకుని జీఎస్‌ఎం-ఆర్ తెరవండి. యూరప్‌లో ఒక్కో దేశానికి ఒక్కో అనలాగ్ రేడియో ఉండేది, సరిహద్దు దాటే ఇంజన్లలో రెండు మూడు రకాల సెట్లు బిగించాల్సి వచ్చేది. అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ దీనికోసం ఐరీన్ అనే ప్రాజెక్టు నడిపింది, 1997లో 32 రైల్వేలు ఒప్పందం మీద సంతకం చేశాయి. తీసుకున్నది మామూలు సెల్‌ఫోన్ జీఎస్‌ఎం టెక్నాలజీనే, రైల్వేకి కావాల్సినవి దాని మీద కలిపారు. ఆ కలిపినవే మీరు చదవాలి, మిగతా జీఎస్‌ఎం మీ సిలబస్‌లో ఎట్లాగూ ఉంది.

వాటిలో నాకు బాగా నచ్చేది హోదాతో పిలవడం. మనిషి నంబరుకి కాదు, బండి నంబరుకి ఫోన్ చేస్తారు. ఐరీన్ పద్ధతిలో మన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ డ్రైవరు నంబరు రాస్తే 2-12723-01 అవుతుంది. మొదటి 2 అంటే బండి నంబరుతో పిలుస్తున్నామని, చివరి 01 అంటే ముందు ఇంజన్ డ్రైవరని. బల్లార్షాలో డ్రైవరు మారినా, ఇంజనే మారినా, కొత్తగా ఎక్కినవాళ్లు ఆ నంబరుతో నమోదు చేసుకుంటారు, కంట్రోల్ రూములో ఉన్నాయన ఎవరు డ్యూటీలో ఉన్నారో వెతకక్కర్లేదు. అట్లనే డ్రైవరు 1200 నొక్కితే, బండి అప్పుడు ఎక్కడుందో దాన్నిబట్టి ఆ సెక్షన్ కంట్రోలర్‌కే కాల్ వెళ్తుంది. 299 అత్యవసర పిలుపు, దానికి అన్నిటికన్నా ముందు దారి దొరుకుతుంది, ఆ ప్రాంతంలో ఉన్న బండ్లన్నిట్లో ఒకేసారి మోగుతుంది. వాకీటాకీలో "ఎవరు, ఏ బండి" అని అరిచే పనంతా నెట్‌వర్క్ చేస్తుందన్నమాట.

ఇక్కడిదాకా అది ఇంకా మాట్లాడుకునే సాధనమే. అసలు మలుపు యూరప్ రైలు నియంత్రణ వ్యవస్థ ఈటీసీఎస్ లెవెల్ 2తో వచ్చింది. ఇంత దూరం, ఇంత వేగంతో వెళ్లొచ్చు అనే అనుమతి జీఎస్‌ఎం-ఆర్ మీదుగా నేరుగా ఇంజన్లోకి వస్తుంది. ఇప్పుడు మన దృశ్యం వేసుకోండి. రేడియో పోయి ఆ రైల్వే పెట్టుకున్న గడువు దాటిందా, వాళ్లు ముందే నిర్ణయించిన ప్రకారం బ్రేకు పడొచ్చు. బ్రేకు పడాలని పెట్టుకోకపోయినా, లింకు తిరిగి రాకపోతే బండి తన దగ్గరున్న అనుమతి చివరి దాకే వెళ్లగలదు, ఆ తర్వాత కదలదు. మా మామ మాట ఇక్కడ తిరగబడింది, బండి సెట్టుని చూసే నడుస్తోంది. ప్రమాణాల పుస్తకాల్లో నమ్మకం, అందుబాటు, ఆలస్యం అంటూ పేజీలకు పేజీలు ఎందుకుంటాయో ఈ ఒక్క చోట అర్థమవుతుంది.

పెన్ను తీసి ఒక లెక్క చేయండి. మన దేశంలో జీఎస్‌ఎం-ఆర్‌కి 900 బ్యాండులో ఇచ్చింది 1.6 మెగాహెర్ట్జ్. ఒక్కో క్యారియర్ (అంటే ఒక రేడియో చానల్) 200 కిలోహెర్ట్జ్, అంటే 8 క్యారియర్లు, ఒక్కోదానిలో 8 టైమ్‌స్లాట్లు. పక్కపక్క టవర్లు ఒకే క్యారియర్ వాడకూడదు కాబట్టి ఒక టవర్‌కి రెండు దక్కాయనుకుందాం, 16 స్లాట్లు, అందులో కంట్రోల్‌కి కొంత పోతుంది. ఈటీసీఎస్ పాత పద్ధతిలో ఒక్కో బండి, ఆగి ఉన్నా సరే, ఒక స్లాటు పట్టుకునే ఉంటుంది. కాజీపేట లాంటి జంక్షన్‌లో బండ్లు లెక్కేసి, వాటికి తోడు మాటల కాల్స్ కలిపి చూడండి, ఎంత ఇరుకో తెలుస్తుంది. యూరప్‌లో దొరికిన 4 మెగాహెర్ట్జ్ కూడా పెద్ద యార్డుల్లో ఇబ్బంది పెట్టింది.

డాప్లర్ లెక్క కూడా ఇక్కడే చేసేయండి. ప్లాట్‌ఫాం మీద నిలబడితే, ఆగని బండి హారన్ మనల్ని దాటగానే గొంతు దిగిపోతుంది కదా, టవర్‌ని దాటే ఇంజన్‌కీ అంతే. 130 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 36 మీటర్లు, 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీలో తేడా 108 హెర్ట్జ్. జీఎస్‌ఎం-ఆర్ తట్టుకోవాల్సింది 500 కిలోమీటర్ల వేగం, అప్పుడు 417 హెర్ట్జ్. దీన్నే 1900 మెగాహెర్ట్జ్‌కి వేస్తే సుమారు 880 వస్తుంది, తర్వాత పనికొస్తుంది, రాసి పెట్టుకోండి.

కవచ్‌ని ఈ వరసలో ఇరికించకండి, చాలామంది చేసే పొరపాటు అదే. అది ఫోన్ ప్రమాణం కాదు, బండి రక్షణ వ్యవస్థ. 400 మెగాహెర్ట్జ్ పైన ఉండే యూహెచ్‌ఎఫ్ రేడియో మీద ఇంజనూ స్టేషనూ మాట్లాడుకుంటాయి, పట్టాల మధ్య స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియోతో చదివే చిప్పులు) బండికి అదెక్కడుందో చెప్తాయి. మొదట విస్తరించిందీ మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజన్లో ఉండగానే పరీక్ష చేశారు, ఎదుట ఉన్న ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది. దీనికి పరికరాలు చేసే మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ మూడూ హైదరాబాద్ కంపెనీలే, ఈ ప్రాంతపు పిల్లలు ఈ సబ్జెక్టు చదవడానికి అదొక్క కారణం చాలు. మన ప్రశ్న వేస్తే, కవచ్ ఉన్న సిగ్నళ్ల మీద అదనపు పొరలా ఉంటుంది. రేడియో పోతే ఆ కాపలా తగ్గుతుంది గానీ పక్కన సిగ్నల్ స్తంభం ఉంది, లోకో పైలట్ దాన్ని చూసి నడుపుతాడు. ఈటీసీఎస్ లెవెల్ 2కీ దీనికీ తేడా అడిగితే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఎల్‌టీఈ-ఆర్ మీద తక్కువ టైం పెట్టండి, నా ఉద్దేశంలో అది ప్రమాణం కంటే పిలుపు పేరే, ఎల్‌టీఈని రైల్వేకి వాడితే అట్లా అంటారు. దక్షిణ కొరియా 2018 వింటర్ ఒలింపిక్స్‌కి వోంజు–గంగ్నుంగ్ లైన్‌లో దాన్ని నడిపి చూపించింది. మన కేంద్ర కేబినెట్ 2021 జూన్‌లో రైల్వేకి 700 బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ ఇచ్చింది. ఆ బ్యాండు ఎందుకంటే ఒక్కో టవర్ ఎక్కువ దూరం అందుతుంది, సిర్పూర్ కాగజ్‌నగర్ అవతలి అడవి దారుల్లో టవర్ల మధ్య దూరం పెంచొచ్చు. జీఎస్‌ఎం-ఆర్‌కి ఇచ్చిన 1.6కీ ఈ 5కీ తేడా మీరే లెక్కేసుకోవచ్చు.

చివరగా ఎఫ్‌ఆర్‌ఎంసీఎస్. జీఎస్‌ఎం-ఆర్ పరికరాలకు 2030 తర్వాత ఎన్నాళ్లు సపోర్ట్ ఉంటుందన్న టెన్షన్‌తోనే యూఐసీ దీన్ని మొదలుపెట్టింది. ఇది 5జీ మీద ఆధారపడుతుంది, కానీ దీంట్లో కొత్తదనం 5జీ కాదు. గ్రూపు మాటలు, అత్యవసర పిలుపు, రైలు నియంత్రణ డేటా, వీటన్నిటినీ కింద ఉన్న రేడియో నుంచి విడదీశారు. బండిలో ఒక గేట్‌వే ఉంటుంది, కింద ఏ రేడియో దొరికితే దాని మీద నడుస్తుంది, రేపు ఆ రేడియో మారినా పైన పనులు మారవు. యూరప్ దీనికి 1900 నుంచి 1910 మెగాహెర్ట్జ్ దాకా ఇచ్చింది, మీరు రాసుకున్న 880 ఇక్కడ వాడండి. ఎల్‌టీఈ సబ్‌క్యారియర్ల (ఒక చానల్ లోపలి సన్న తరంగాల) ఎడం 15 కిలోహెర్ట్జ్, దాని పక్కన పెట్టి చూస్తే ఎంత వస్తుందో చూసుకోండి. జమ్మికుంట దృశ్యానికి ఇక్కడ జవాబు ఈ ప్రశ్నలోనే ఉంది: ఒక దారి పోతే ఇంకోటి ఉందా, ఉంటే ఎంతసేపట్లో మారుతుంది?

పత్రాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. ముందు ఐరీన్‌వి రెండు, పనులు చెప్పేది, వ్యవస్థ చెప్పేది, పనులు చెప్పేదే ముందు చదవండి, రోజుకి పది పేజీలు చాలు. తర్వాత కవచ్ కోసం రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ రాసిన ఎస్‌పీఎన్ 196, అందులో మోడ్‌లు ఎప్పుడు మారతాయో చెప్పే భాగం పెన్సిల్ పట్టుకుని చదవండి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల టీఆర్ 22.889 చివరికి ఉంచుకోండి, అందులో రైల్వే అవసరాలు ఒక్కోటి విడిగా రాసి ఉంటాయి. ప్రతి దాని పక్కన "జమ్మికుంట దాటాక?" అని రాసి, జవాబు మీ మాటల్లో నింపండి.