పిల్లల చేతికి డబ్బు ఇవ్వడం ఎలా మొదలుపెట్టాలి

మన చిన్నప్పుడు కొట్టుకు పంపితే చిల్లర లెక్కపెట్టుకుని తెచ్చేవాళ్లం, ఒక్క రూపాయి తగ్గినా ఇంట్లో అడిగేవాళ్లు. ఇప్పటి పిల్లలు చూసేదల్లా అమ్మ ఫోన్‌తో స్కాన్ చేయడం, సరుకు చేతికి రావడం. డబ్బు తగ్గిపోవడం వాళ్లకు కనపడట్లేదు. అందుకే మొదట నోట్లు, నాణేలే ఇవ్వండి, ఫోన్‌పే వద్దు.

నాలుగైదు తరగతుల పిల్లలకు వారానికి 50 రూపాయలు చాలు. నెలకోసారి ఇస్తే మూడు రోజుల్లో ఊడ్చేసి మిగతా నెలంతా గొడవ చేస్తారు. ఆదివారం పొద్దున పది రూపాయల నోట్లు ఐదు ఇచ్చి, ఖర్చు మొదలవకముందే అందులో రెండు దాచే సీసాలో వేయించండి. మట్టి ముంత కంటే ఖాళీ పచ్చడి సీసా మేలు, ఎంత నిండిందో కనిపిస్తుంది కదా. దేనికోసం దాస్తున్నారో సీసా మీద రాసి అంటించాలి, వట్టిగా ‘పొదుపు చేయి’ అంటే ఏ పిల్లకైనా ఏం తలకెక్కుతుంది? ‘షటిల్ బ్యాట్, 400’ అని రాసి, వారానికి 20 చొప్పున ఎన్ని వారాలో లెక్క వేయమంటే మా పాప 20 వారాలా అని నోరు తెరిచింది, తర్వాత తనే 30 వేస్తే 14 వారాల్లో అయిపోతుందని కనిపెట్టింది.

అసలు కష్టం బుధవారం వస్తుంది. డబ్బులైపోయి మన కొంగు పట్టుకుని తిరుగుతారు. ఇవ్వకండి, తిట్టకండి కూడా. నేను మొదటి వారం ఏడుపు చూడలేక ఇచ్చేశాను, దాంతో రెండో వారం మంగళవారానికే చేతులు చాచింది. తాతయ్యకూ నానమ్మకూ ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే మీకు తెలియకుండా నోటు చేతిలో పెట్టేస్తారు, ప్రేమ కొద్దీ చేసినా చేసిన పనంతా పోతుంది. మార్కులకు, ఇంటి పనులకు డబ్బు ముడిపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

అప్పుడప్పుడూ చీటీ రాసిచ్చి కిరాణా కొట్టుకు పంపండి. రెండు బిస్కెట్ ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ధరతో పాటు బరువూ చూడమనండి, పది రూపాయలకు ఎందులో ఎక్కువ గ్రాములు వస్తున్నాయో తేల్చడం వాళ్లకు ఆటలా ఉంటుంది.

పండక్కి చుట్టాలు ఇచ్చిన డబ్బులను ‘నా దగ్గర దాస్తాలే’ అని తీసుకుని ఇంటి ఖర్చుల్లో కలిపేయకండి, ఒకసారి అలా జరిగిందంటే పిల్లలు మళ్లీ నమ్మరు. పదేళ్లు నిండితే పోస్టాఫీసులో వాళ్ల పేరుతోనే సేవింగ్స్ ఖాతా తెరిచి వాళ్లే నడుపుకోవచ్చు, 500 రూపాయలతో మొదలవుతుంది. నెలనెలా ఒకే మొత్తం కట్టుకుంటూ పోయే రికరింగ్ డిపాజిట్ అయితే నెలకు 100 చాలు. 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లలో మనం కట్టిన 6,000 దాదాపు 7,136 అవుతుంది, ఈ లెక్క వాళ్ల చేతే కాగితం మీద వేయించండి. డబ్బు కట్టే ఫారం వాళ్లనే నింపనివ్వండి. సంతకం ప్రతిసారీ ఒకేలా ఉండాలి కాబట్టి వారం ముందు నుంచే పాత నోట్‌బుక్‌లో ప్రాక్టీస్ చేయించండి.