కాలిఫోర్నియా ఎండలు: మన కార్తెల లెక్క ఇక్కడ పనిచేయదు

రామగుండంలోనో రెంటచింతలలోనో పుట్టి పెరిగినవాళ్లకి కాలిఫోర్నియా ఎండ గురించి జాగ్రత్తలు చెప్పబోతే నవ్వుతారు. వచ్చిన కొత్తలో నేనూ నవ్వాను. "వంద ఫారిన్‌హీటా? మన లెక్కలో 38. దీనికే ఇంత హడావిడా?" అన్నాను. ఒక్క ఎండే అయితే ఇప్పటికీ అదే మాట అనేవాణ్ణి. ఇక్కడ ఎండ వెంట మంట, పొగ, కరెంటు కోత కూడా వస్తాయి. వీటిలో కరెంటు కోత ఒక్కటే మనకి పాత చుట్టం.

మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా, మృగశిర వస్తే చినుకు పడుతుందన్న ధీమా ఉంటుంది. ఇక్కడ వానలు చలికాలంలో పడతాయి. ఏప్రిల్ దాటితే అక్టోబరు చివరిదాకా దాదాపు చుక్క పడదు. జనవరిలో పచ్చగా మెరిసే మా బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం) ఊళ్లు ఫ్రీమాంట్, డబ్లిన్ కొండలు జూన్ వచ్చేసరికి బంగారు రంగులోకి తిరుగుతాయి. ఫొటోల్లో చాలా బాగుంటాయి కానీ అదంతా ఎండుగడ్డి. ఐదారు నెలలు అలా ఎండీ ఎండీ పెళపెళలాడుతున్న సమయానికి, అంటే సరిగ్గా మన దసరా, దీపావళి రోజులకి, ఈశాన్యం నుంచి పొడిగాలి దిగుతుంది. డయాబ్లో గాలులంటారు. 2017 అక్టోబరులో శాంటా రోజాలో వీధులకి వీధులు తగలబడింది ఆ గాలికే. 2018 నవంబరు 8న ప్యారడైజ్ ఊరు తగలబడి 85 మంది చనిపోయారు. లాస్ ఏంజెలెస్ వైపైతే 2025లో జనవరి మంటలూ చూశాం. కాబట్టి ఆగస్టు దాటగానే ఎండాకాలం అయిపోయిందని ఊపిరి పీల్చుకోకండి.

పండగల మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకోటి. కార్తీక వనభోజనాలకి పార్కు బుక్ చేసేవాళ్లు ఆ రోజు రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఉందేమో చూసుకోండి. గాలిలో తేమ బాగా తగ్గి, పైగా ఈదురుగాలి ఉంటే నేషనల్ వెదర్ సర్వీస్ ఈ హెచ్చరిక ఇస్తుంది. ఆ రోజున బొగ్గుల పొయ్యి వద్దు, ఎండుగడ్డి మీద కారు ఆపడం వద్దు. వేడెక్కిన సైలెన్సర్ తగిలితే చాలు, గడ్డి అంటుకుంటుంది. దీపావళికి మనవాళ్లు ఎక్కడినుంచో చిచ్చుబుడ్లు తెప్పిస్తుంటారు. బే ఏరియాలో చాలా ఊళ్లలో అవి నిషేధం. "చిన్నపిల్లల సరదా" అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ వినదు, విననక్కర్లేదు కూడా.

2020 ఆగస్టు 16 తెల్లవారుజామున ఉరుములకి మెలకువ వచ్చింది. ఇక్కడ ఆగస్టులో ఉరుమంటే వింతే. లాక్‌డౌన్‌లో ఇక్కడే చిక్కుకుపోయిన మా అత్తయ్య, నేను సంబరంగా బాల్కనీలోకి వెళ్లి మట్టి వాసన కోసం నిలబడ్డాం. మెరుపులే తప్ప చినుకు లేదు. ఆ పొడి మెరుపులే రాష్ట్రమంతటా వందల మంటలు రాజేశాయి. మా తూర్పు కొండల్లో రేగినవన్నీ కలిసి దాదాపు నాలుగు లక్షల ఎకరాలు కాల్చేశాయి. అత్తయ్య ఆ వారం బాల్కనీలో గుమ్మడి వడియాలు పెట్టింది. సాయంత్రం తీద్దామని వెళ్తే తెల్లబట్ట మీద బూడిద రేకులు. ఒకదాన్ని వేలితో ముట్టుకుంటే పొడైపోయింది. అందులో ఒక ఆకు ఈనె ఆకారం ఇంకా కనిపిస్తూనే ఉంది. మంట మాకు పాతిక మైళ్ల దూరంలో ఉంది. సెప్టెంబరు 9న అయితే పొద్దున పదింటికి కూడా ఆకాశం నారింజ రంగులో ఉండి ఇంట్లో లైట్లు వేసుకున్నాం.

అంచేత ముందు పొగ సంగతి. ఎయిర్‌నౌ సైట్‌లో మీ పిన్‌కోడ్, ఇక్కడివాళ్ల మాటలో జిప్‌కోడ్, కొడితే గాలి నాణ్యత అంకె వస్తుంది. 100 దాటితే పిల్లలు, పెద్దవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు బయట ఎక్కువ తిరగకూడదు. 150 దాటితే అందరికీ చెడ్డదే. కర్చీఫు కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు కావాలి. కిటికీలు మూసేయండి. ఏసీకి మెర్వ్ 13 ఫిల్టర్ (సన్నటి పొగ రేణువుల్ని కూడా పట్టే రకం) వేయిస్తే మంచిది. చాలామందికి తట్టని విషయం ఏమిటంటే, కిటికీలు మూసి ఇంట్లో ఎండుమిర్చి పోపు వేసినా, అగరొత్తి వెలిగించినా లోపలి గాలి బయటి గాలికంటే పాడవ్వొచ్చు. ఆ నాలుగు రోజులూ పెరుగన్నం తినండి, దేవుడేమీ అనుకోడు. మన ఎయిర్ కూలర్ లాంటివి ఇక్కడి పొడి వేడిలో బాగా పనిచేస్తాయి. కాకపోతే కిటికీకి బిగించే రకం బయటి గాలిని లోపలికి లాగుతుంది కాబట్టి పొగ రోజున ఆపేయాలి.

ఇక ఎండ. అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకునేటప్పుడు ఏసీ ఉందా అని విడిగా అడగండి. హీటర్ ఇవ్వడం ఓనరు బాధ్యత, ఏసీ ఇవ్వడం చాలాచోట్ల కాదు. బే ఒడ్డున ఉన్న పాత బిల్డింగుల్లో అసలుండదు. రాత్రి చల్లబడగానే కిటికీలన్నీ తెరవండి, పొద్దున ఎండ ఎక్కకముందే మూసి కర్టెన్లు దించేయండి. ఇక్కడి పొడి వాతావరణానికి ఈ పాత పద్ధతే బాగా నప్పుతుంది. గది వేడి 95 ఫారిన్‌హీట్ దాటాక ఫ్యాన్ తిప్పినా వేడిగాలే తగులుతుంది. అప్పుడు పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలియదు. బీపీ మాత్రలు వేసుకునే అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, మీరు ఆఫీసులో ఉన్నా మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసి మజ్జిగ తాగారా అని అడగండి.

2022 సెప్టెంబరు 6న శాక్రమెంటోలో 116 వచ్చింది, అంటే దాదాపు 47 సెల్సియస్. ఆ సాయంత్రం కరెంటు వాడకం తగ్గించమని లక్షలమంది ఫోన్లు ఒక్కసారి మోగాయి. జనం ఏసీలు తగ్గించారు, కోత తప్పింది. అలాంటి రోజుల్లో కరెంటు పొదుపు చేయమని ఫ్లెక్స్ అలర్ట్ ఇస్తారు, మామూలుగా సాయంత్రం 4 నుంచి 9 వరకు. నాలుగులోపే ఇల్లు చల్లబరుచుకుని ఆ తర్వాత ఏసీ 78కి పెంచేయండి. చాలా కరెంటు ప్లాన్లలో ఆ గంటల్లోనే రేటు కూడా ఎక్కువ. పెద్ద గాలులున్నప్పుడు మంటలు రేగకుండా కరెంటు కంపెనీలే లైన్లు ఆపేయడం వేరే సంగతి, అది ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది, ఆ తర్వాత ఇడ్లీ పిండి మీద ఆశ వదులుకోవాలి. గరాజ్ తలుపుని చేత్తో ఎత్తడానికి లాగే ఎర్ర తాడు ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి. నేను చీకట్లో, టార్చి నోట్లో పెట్టుకుని వెతికాను.

ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే రెండు మాటలు వింటారు. ఎవాక్యుయేషన్ వార్నింగ్ అంటే సిద్ధంగా ఉండండి అని, ఆర్డర్ అంటే వెంటనే బయల్దేరండి అని. ఇంట్లో పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే వార్నింగ్‌కే బయల్దేరండి. మీ ఏరియాకి జోన్ నంబర్ ఉంటుంది. అది చూసుకుని ఫ్రిజ్ మీద తిరుపతి క్యాలెండర్ పక్కన రాసి అంటించండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) పంపే అలర్ట్‌లకి మీ నంబరు నమోదు చేసుకోండి. వాచ్ డ్యూటీ యాప్ వేసుకోండి, మంట ఎటు కదులుతోందో అందులో త్వరగా తెలుస్తుంది. అమ్మానాన్నల ఫోన్‌లో ఇండియా సిమ్ మాత్రమే ఉంటే కౌంటీ మెసేజ్‌లు వాళ్లకి చేరతాయన్న నమ్మకం లేదు, లోకల్ సిమ్ వేయించండి. సంచిలో మందుల చీటీలు, నీళ్లు, బట్టలు అందరూ పెట్టుకునేవే. మనకి వాటికంటే ముఖ్యం పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా పిటిషన్ ఆమోద పత్రాలు), ఐ-20లు (స్టూడెంట్ వీసావాళ్ల కాలేజీ పత్రాలు), పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. వీసా స్టాంపు ఉన్న పాస్‌పోర్టు కాలిపోతే కొత్త స్టాంపు కోసం మళ్లీ ఇండియా వెళ్లి అమెరికా కాన్సులేటు దగ్గర నిలబడాలి. అన్నీ ఒకే జిప్ కవర్‌లో పెట్టి తలుపు దగ్గరి అలమరలో ఉంచండి. రెంటర్స్ ఇన్సూరెన్స్, అంటే అద్దెకున్నవాళ్ల సామాన్లకి బీమా, తీసుకోండి, దాని ఖరీదు పెద్దదేమీ కాదు. కొండ వాలులో ఇల్లు కొనాలనుకుంటే ఆఫర్ వేయకముందే కాల్ ఫైర్ (రాష్ట్ర అగ్నిమాపక శాఖ) మ్యాప్‌లో ఆ చోటు చూసి, ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కోండి.

ఇంకొక్కటి. ఎటు వెళ్లాలో ముందే అనుకోండి. మేము ట్రేసీలో ఉన్న స్నేహితుడితో మాట్లాడుకుని పెట్టుకున్నాం: అటు మంటొస్తే వాళ్లు మా ఇంటికి, ఇటొస్తే మేము వాళ్లింటికి. ఒకరి ఇంటి తాళంచెవి ఇంకొకరికి ఇచ్చుకున్నాం కూడా.